పెద్దోళ్లకి ఏది మేలు: యాపా, వాట్సాపా, సచివాలయమా?

విజయవాడ సత్యనారాయణపురంలో రైల్వేలో చేసి రిటైరైనవాళ్లు ఏ వీధిలో చూసినా ఉంటారు, నవంబర్ వచ్చిందంటే అందరి నోటా ఒకటే మాట, లైఫ్ సర్టిఫికెట్, అంటే పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఏటా ఇచ్చే రుజువు. 80 దాటినవాళ్లు అయితే అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. యాప్ వేసుకోండి ఇంట్లోనే అయిపోద్ది అని పిల్లలంటారు, గవర్నమెంట్ పనులన్నీ వాట్సాప్‌లోకి వచ్చేశాయట కదా అని వీళ్లంటారు, ఈ గోలంతా ఎందుకు వార్డు సచివాలయానికో బ్యాంకుకో పోయొస్తే పోలా అని ఇంకొకరు. నా లెక్క మాత్రం ఒక్కటే, పెద్దాయన మధ్యలో మనవణ్ణి కేకెయ్యకుండా చివరిదాకా దేంట్లో వెళ్లగలిగితే అదే మేలు.

ఆ లెక్కన కరెంటు బిల్లు, ఇంటి పన్ను లాంటి వాటికి వాట్సాపే నయం, డౌటే లేదు. ఏపీ ప్రభుత్వ వాట్సాప్ సర్వీసు మన మిత్ర 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది, 9552300009 కి హాయ్ అని పెడితే మెనూ వస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేది లేదు, పాస్‌వర్డ్ లేదు, పొద్దున్నే గుడ్ మార్నింగ్ ఫొటోలు పంపే చోటే కాబట్టి భయం ఉండదు. పైగా వచ్చిన పీడీఎఫ్ ఆ చాట్‌లోనే ఉంటుంది, యాప్ అయితే డౌన్‌లోడ్ అయింది అంటుంది గానీ ఎక్కడికి పోయిందో వెతకటం మళ్లీ ఇంకో పని. లోపం ఏంటంటే మెనూలో మెనూ, ఆ లోపల ఇంకో మెనూ, తప్పుది నొక్కితే వెనక్కి ఎలా రావాలో తెలీక పైకి జరిపి ఎప్పటిదో పాత బటన్ నొక్కుతారు, అక్కణ్ణుంచి కథ ఇంకో దారిలో పోతుంది. ఇంకోటి, నంబర్ మాత్రం ఫోన్‌లో మీరే సేవ్ చేసి పెట్టండి, ప్రభుత్వ పథకం అని చెప్పి ఏపీకే ఫైల్ (నొక్కితే దొంగ యాప్ ఫోన్‌లోకి ఎక్కే ఫైల్) పంపి అకౌంట్ ఖాళీ చేసే దొంగలు తిరిగేది కూడా ఇదే వాట్సాప్‌లో కదా.

లైఫ్ సర్టిఫికెట్ దగ్గరికొస్తే మాత్రం యాప్‌దే పైచేయి, ఎందుకంటే మనిషి ముఖం చూడాలి. ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పద్ధతి జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చినప్పుడు వేలిముద్రో ఐరిస్సో (కంటిపాప స్కాన్) కావాలి, దానికి మెషీన్ ఉండాలి, వయసు మీద పడ్డాక వేలి గీతలు అరిగిపోయి అది ఒక పట్టాన తీసుకోదు. 2021 నవంబర్‌లో ఫేస్ అథెంటికేషన్ (ముఖం చూసి గుర్తుపట్టటం) వచ్చాక మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు, కెమెరా ముందు కళ్లు ఆర్పితే అయిపోతుంది. కాకపోతే అక్కడిదాకా చేరటమే కష్టం. రెండు యాప్‌లు కావాలి, ఒకటి జీవన్ ప్రమాణ్, ఇంకోటి ఆధార్ ఫేస్ ఆర్‌డీ. తెరవగానే ముందు ఆపరేటర్ వివరాలు అడుగుతుంది, ఒంటరిగా కూర్చున్న పెద్దాయన ఆపరేటర్ ఎవడ్రా అని ఆగిపోతాడు, తనే ఆపరేటర్ అవ్వొచ్చని ఎవరో ఒకరు చెప్పాలి!

యాప్‌లు చేసే కుర్రాళ్లకి ఇక్కడే నేను చెప్పేది. అక్షరాలు పెద్దవి చేస్తే చాలనుకుంటారు, తెలుగుకి అది చాలదు. మా మామయ్య గారి ఫోన్‌లో ఫాంట్ ఫుల్‌గా పెంచి ఉంటుంది, ఒక బిల్లుల యాప్ తెరిస్తే బటన్ ఎత్తు మాత్రం పెరగదు, దాంతో కింద వత్తులన్నీ కోసేసినట్టు పోతాయి, 'చెల్లించండి' చూస్తే 'చెలించండి' అని కనపడుతుంది. ఇంగ్లీషులో టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. బటన్ కనీసం 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ వాళ్లే చెప్తారు (ఫొటో డీపీ కాదు, స్క్రీన్ కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు. పెద్దోళ్లు కాలింగ్ బెల్ నొక్కినట్టు గట్టిగా నొక్కి కాసేపు అలాగే ఉంచుతారు, యాప్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఊరుకుంటుంది, "నొక్కితే పలకట్లేదురా" అనేది అందుకే. తెల్లటి దాని మీద లేత బూడిద రంగు అక్షరాలు శుక్లాలున్న కంటికి లేనట్టే లెక్క, వెబ్ యాక్సెసబిలిటీ రూల్స్‌లో మామూలు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా) 4.5కి 1 అయినా ఉండాలని ఉంది, దాన్ని పాటించండి చాలు. ఓటీపీ చూడటానికి మెసేజ్‌లోకి వెళ్లొస్తే మొత్తం మొదటికి రాకూడదు, అద్దాలు వెతుక్కునే టైమ్ కూడా ఇవ్వకుండా సెషన్ అయిపోతే ఎలా?

సచివాలయం గురించి పెద్దగా చెప్పేది లేదు, మనిషి ఎదురుగా ఉంటే సగం భయం పోతుంది, ఎన్టీఆర్ భరోసా పెన్షన్ అయితే ఇంటికే తెచ్చిస్తారు, యాప్ ఊసే లేదు. క్యూ, ఆటో ఖర్చు, సర్వర్ డౌన్, ఇవే తంటా.

నడవలేనివాళ్లకి లైఫ్ సర్టిఫికెట్ కావాలంటే ఈ మూడూ వదిలేయండి, పోస్ట్‌మాన్‌నే పిలవండి, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున ఇంటికొచ్చి 70 రూపాయలకి చేసిపెడతారు. ఆధార్ నంబర్, పీపీఓ నంబర్ (పెన్షన్ ఆర్డర్ మీద ఉండేది), అకౌంట్ నంబర్ ఒక కాగితం మీద పెద్దక్షరాలతో ముందే రాసి ఉంచండి, ఓటీపీ వచ్చే సిమ్ ఏ ఫోన్లో ఉందో కూడా ఆ ముందురోజే చూసుకోండి.