అంకోర్ యాత్రకు వెళ్లేవారు డాలరు నోట్ల అంచులు చూసుకోండి

నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం చూస్తూ పెరిగినవాళ్లకు కంబోడియాలోని అంకోర్ వాట్ చూడాలన్న కోరిక పుట్టడం సహజం. 12వ శతాబ్దిలో రెండో సూర్యవర్మ కట్టించిన ఆ గుడిలో క్షీరసాగర మథనం శిల్పం ముందు మా పెద్దవాళ్లు కదలకుండా నిలబడిపోయారు. గుడి అందం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నోట్ల సంగతి మాత్రం మాకు ముందుగా ఎవరూ గట్టిగా చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కంబోడియా సొంత కరెన్సీ రియల్. అయినా గది అద్దె నుంచి భోజనం దాకా ధరలు డాలర్లలోనే చెబుతారు. 1975లో అధికారంలోకి వచ్చిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం డబ్బునే రద్దు చేసింది. 1980లో రియల్ మళ్లీ వచ్చినా జనానికి దాని మీద గురి కుదరలేదు. 1992, 93లలో ఐక్యరాజ్యసమితి సిబ్బందితో పాటు వచ్చిన డాలర్లు అక్కడే స్థిరపడ్డాయి. అయితే డాలరు ముద్రించేది అమెరికా. చిరిగిన నోటు చివరికి అక్కడికి చేరాలంటే బ్యాంకుకు ఖర్చు. అందుకే చిరుగు నోటు ఎవరి చేతిలో మిగిలితే నష్టం వారిదే. మన దగ్గర చిరిగిన 500 నోటు బ్యాంకులో ఇస్తే, 80 శాతానికి మించి ఒకే ముక్కగా ఉన్నప్పుడు పూర్తి విలువ ఇస్తారు. ఆ ధీమాతో కంబోడియాకు వెళ్లకూడదు.

వీసాకు 30 డాలర్లు విమానాశ్రయంలో కట్టాం, ఇబ్బంది రాలేదు. 2023లో తెరిచిన ఈ కొత్త విమానాశ్రయం అంకోర్ పక్కనున్న సియెమ్ రీప్ ఊరికి బాగా దూరం కాబట్టి కారు బాడుగ కూడా లెక్కలో వేసుకోండి. అంకోర్ టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. పెద్దవాళ్లు ఉంటే మూడు రోజులదే తీసుకోండి, ఎండలో ఒక్క రోజులో చూడటం వాళ్ల వల్ల కాదు. టికెట్ కౌంటర్లో కార్డు తీసుకుంటారు. నగదు మిగుల్చుకోవడానికి అది మంచి చోటు.

అసలు పరీక్ష పాత మార్కెట్ దగ్గర మేము దిగిన చిన్న గెస్ట్ హౌస్‌లో ఎదురైంది. గదులు శుభ్రంగా ఉన్నాయి, మాంసం లేని కూర కావాలంటే ఓపికగా వండిపెట్టారు. కానీ మా బావగారు ఇచ్చిన 50 డాలర్ల నోటును యజమానురాలు వెలుగుకు పట్టి చూసి, మర్యాదగా రెండు చేతులతో తిరిగి ఇచ్చేసింది. అంచున బియ్యపు గింజంత చిరుగు ఉంది, అంతే. బజారులో డబ్బు మార్చేవాళ్లు అదే నోటుకు బాగా తగ్గించి అడిగారు. ఆమె మీద నాకు కోపం లేదు. రేపు ఆమె దగ్గర దాన్ని ఎవరు తీసుకుంటారు? తర్వాత మారిన పెద్ద హోటల్లో కార్డు తీసుకున్నారు గానీ, బిల్లు మీద అదనపు రుసుము వేశారు. మళ్లీ వెళ్తే నేను ఆ గెస్ట్ హౌస్‌లోనే దిగుతాను, మంచి నోట్లతో.

టుక్‌టుక్ డ్రైవర్లు ఒక డాలరు నోటును కూడా తిప్పి చూస్తారు. వాళ్లకు రియల్ ఇవ్వడమే మేలు. డాలరుకు సుమారు 4,000 రియల్. రియల్ నోటు నలిగినా పట్టించుకోరు. దుకాణాల్లో చిల్లరగా వచ్చే డాలర్లను మాత్రం అక్కడికక్కడే చూసుకోవాలి. చిరుగు నోటు వదిలించుకోవాలని చూసేవాళ్లు ఉంటారు, వెంటనే తిరిగి ఇస్తే మారుస్తారు. దారిలో బ్యాంకాక్‌లో మార్చుకున్నా తేడా కనిపిస్తుంది. అక్కడి బోర్డుల మీద 100 డాలర్ల నోటుకు ఒక రేటు, చిన్న నోట్లకు అంతకన్నా తక్కువ రేటు రాసి ఉంటాయి.

కాబట్టి పని ఇక్కడే మొదలుపెట్టాలి. నల్లగొండలో మేము అడిగిన బ్యాంకులో డాలర్లు అందుబాటులో లేవు, హైదరాబాద్‌లో తీసుకున్నాం. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్ పట్టుకెళ్లండి. 50,000 రూపాయలు, ఆ పైన అయితే ఖాతా నుంచే కట్టాలి. నోట్లుగా ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా ఇస్తారు. కౌంటర్ దగ్గర వెనక ఎంతమంది నిలబడినా తొందరపడకండి. ప్రతి నోటు అంచూ, మడతా చూడండి. సిరా గీతలు, మారకం దుకాణాల చిన్న ముద్రలు ఉంటే వెనక్కి ఇచ్చేయండి. 100 నోటు అయితే మధ్యలో నీలి పట్టీ ఉన్నదే అడగండి. 2013లో విడుదలైన రకం అది. పాతవి అమెరికాలో చెల్లుతాయి గానీ బయట చాలాచోట్ల మొహమాటం లేకుండా వద్దంటారు.

ప్రయాణం ముందు మా అత్తమ్మ డబ్బుకు పసుపు కుంకుమ పెట్టబోయారు. ఆ బొట్టు కవరు మీద పెట్టించాం, ఆవిడ మనసూ నిలిచింది, నోటూ నిలిచింది. కొంగు ముడిలో, చొక్కా జేబులో పెడితే ఆ ఉక్కపోతకు చెమట పట్టి నోట్లు మెత్తబడతాయి. రెండు గట్టి అట్టల మధ్య మడత లేకుండా పెట్టి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో వేసుకోండి.

రియల్ నోట్లు బయట ఎక్కడా మార్చుకోవడం కష్టం, అక్కడే ఖర్చు పెట్టేయండి. మిగిలిన డాలర్లలో 2,000 వరకు మన దగ్గర ఉంచుకోవచ్చు, అంతకు మించినవి తిరిగొచ్చిన 180 రోజుల్లోపు మార్చేయాలి. బావగారి 50 నోటును హైదరాబాద్‌లో ఒక దుకాణం కాస్త తగ్గించి తీసుకుంది.