ఫొటో స్పామ్ ఆపే మెయిల్ ఫిల్టర్ కొంటున్నారా? మా ఆర్డర్లే మాయమయ్యాయి, జాగ్రత్త

ఉమ్మడి పాలమూరు జిల్లాలో చీరల దుకాణాలకు, మిల్లులకు మెయిల్ సర్వర్లు పెట్టి, బొమ్మల రూపంలో వచ్చే స్పామ్‌ను ఆపే ఫిల్టర్ అంటూ ఏడాదికి 18,500 రూపాయలు తీసుకుంటున్న వ్యక్తి ఎవరో ఇది చదివేవారిలో చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. ఆయన పెట్టిన ఫిల్టర్ మా గద్వాల దుకాణానికి వచ్చిన ఆర్డర్లను ఏడు వారాలపాటు, మాకూ తెలియకుండా, పంపినవారికీ తెలియకుండా పారేసింది. మొన్న సాయంత్రం ఈ సంగతి బయటపడింది. అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

మాకు సొంత డొమైన్, చిన్న సర్వర్ ఉన్నాయి. వేసవిలో లోన్ల ప్రకటనలు, మందుల ప్రకటనలు ఒక్క అక్షరం టైపు చేయకుండా మొత్తం బొమ్మగానే రోజుకు పదుల సంఖ్యలో వచ్చేవి. ఆయన వచ్చి, తన ఫిల్టర్ బొమ్మలోని అక్షరాలను చదువుతుందని, ఇంగ్లీషు, హిందీయే కాక తెలుగు కూడా చదివి ఏది స్పామో తేలుస్తుందని చెప్పారు. నేను నమ్మి ఏడాది డబ్బు ముందే ఇచ్చాను. స్పామ్ నిజంగానే తగ్గింది. దానితోపాటు ఆర్డర్లు కూడా తగ్గాయి కానీ, శ్రావణమాసం ముందు ఒక్కోసారి ఇలా మందగించడం మామూలేనని సరిపెట్టుకున్నాను.

మా వ్యాపారంలో ఆర్డరు అంటేనే ఫొటో. కొనేవారు చీర అంచును, కొంగును ఫోనుతో తీసి, మెయిల్ మధ్యలో అతికించి, కింద "ఇదే రంగు, కుట్టు చీరలు, 40" అని ఒక్క ముక్క రాసి పంపుతారు. కుట్టు అంటే అంచును చీర ఒంటికి కలిపి నేసే మా గద్వాల రకం. బెంగళూరులో పన్నెండేళ్లుగా మా దగ్గర కొంటున్న ఒక అక్క మొన్న ఫోన్ చేసి, "ఏం తమ్ముడూ, మూడు మెయిళ్లు పంపితే ఒక్కదానికీ జవాబు లేదు, మాతో బేరం వద్దనుకుంటే చెప్పేస్తే సరిపోయేది కదా" అన్నారు. పెళ్లికి కావలసిన నలభై చీరలవి. నా జవాబు కోసం ఎదురుచూసి, చివరికి వేరే చోట ఇచ్చేశారు. రాజోలిలో మాకు నేసే నాలుగు ఇళ్లవారికి నెల రోజులుగా చేతినిండా పని లేదని చెప్పుకుంటూ వచ్చింది నేనే. పని వచ్చింది. దాన్ని నా సర్వరే పారేసింది.

మా సొంత అక్క కొడుకు హైదరాబాదులో ఈ మెయిల్ సర్వర్ల పనే చేస్తాడు. అదే రాత్రి సర్వర్‌లోకి వెళ్లి మెయిల్ లాగ్, అంటే వచ్చిన ప్రతి మెయిల్‌ను ఏం చేసిందో సర్వర్ రాసుకునే చిట్టా తెరిచి, బెంగళూరు అక్క చిరునామా వెతికి, ఒక వరుస చూపించాడు. "బ్లాక్డ్ స్పామ్, డిస్కార్డెడ్ ఇన్‌బౌండ్" అని ఉంది. స్పామ్ అని ఆపి, వచ్చిన మెయిల్‌ను పారేశామని దాని అర్థం. ఆ వరుసలో "క్వారంటైన్డ్", అంటే అనుమానంతో విడిగా దాచి ఉంచాం అనే మాట లేదు. అంటే ఆ మెయిల్‌ను స్పామ్ ఫోల్డరులో గానీ, క్వారంటైన్‌లో గానీ పెట్టలేదు, అసలు ఎక్కడా ఉంచలేదు. పైగా మా సర్వర్ ఆ మెయిల్‌ను తీసుకునేటప్పుడు అవతలి సర్వర్‌కు 250 అనే అంగీకార సంకేతం ఇచ్చింది కనుక, మెయిల్ చేరిందనే ఆ అక్క అనుకున్నారు. 550 అనే తిరస్కార సంకేతంతో తిప్పికొట్టి ఉంటే ఆమెకు మెయిల్ చేరలేదనే కబురు, అంటే బౌన్స్, వెళ్లేది, ఆ రోజే ఫోన్ చేసేవారు. పోస్ట్‌మ్యాన్ తెచ్చిన ఉత్తరాన్ని సంతకం పెట్టి తీసుకుని, ఇంట్లోవాళ్లకు చూపించకుండా పొయ్యిలో పెట్టడం లాంటిది ఇది. లాగ్‌లో ఇలాంటి వరుసలు 61 దొరికాయి. వాటిలో 23 నాకు తెలిసిన కొనుగోలుదారులవి.

తర్వాత వాడు ఫిల్టర్ లోపల చూశాడు. అది స్పామ్‌అసాసిన్, ఎవరైనా ఉచితంగా పెట్టుకోగల సాఫ్ట్‌వేర్. ప్రతి మెయిల్‌కూ లక్షణాలను బట్టి పాయింట్లు వేసి, మొత్తం 5కు చేరితే స్పామ్ అంటుంది. అందులో బొమ్మ ఉండి, మాటలు 400 బైట్ల లోపే ఉన్న మెయిల్‌ను గుర్తుపట్టే నియమం ముందు నుంచే ఉంది. మామూలుగా ఆ ఒక్క కారణంతో ఏ మెయిలూ ఆ 5కు చేరకుండా దానికి తక్కువ పాయింట్లే ఉంటాయి. ఈయన దాన్ని 6 చేసి వదిలేశారు. బొమ్మలోని అక్షరాలు చదివే టెసరాక్ట్ గానీ, అలాంటి మరో సాఫ్ట్‌వేర్ గానీ ఆ సర్వర్‌లో లేనే లేదు. మావాడు నా కళ్ల ముందే రెండు మెయిళ్లు పంపాడు. మా ఆర్డరు కాగితం ఫొటో, కింద ఒక వాక్యం ఉన్న మెయిల్ మాయమైంది. పెద్ద అక్షరాల లోన్ ప్రకటన బొమ్మ కింద సంబంధం లేని నాలుగు పేరాలు అతికించి పంపింది మాత్రం నేరుగా ఇన్‌బాక్స్‌లోకి వచ్చి కూర్చుంది. "మామా, ఇది చదువుతలేదు, మాటలు లెక్కపెడుతున్నది, అంతే" అన్నాడు.

ఈ పని తేలిక కాదని నేనూ ఒప్పుకుంటాను. 2006, 2007 ప్రాంతంలో షేర్ల సలహాలను జిఫ్ బొమ్మలుగా పంపే స్పామ్ ప్రపంచమంతా ముంచెత్తినప్పుడు, పంపేవారు ప్రతి బొమ్మలోనూ చుక్కలో గీతలో కలిపి, రంగు కొద్దిగా మార్చి, ఫిల్టర్లు బొమ్మను గుర్తుపట్టడానికి వాడే వేలిముద్ర లాంటి గుర్తు ఒకదానిది ఇంకొకదానితో కలవకుండా చేశారు. ఫిల్టర్లకు తగిలించే, అక్షరాలు చదివే ప్లగిన్లు వస్తే అక్షరాలను వంకర తిప్పారు. చదివించాలంటే సర్వర్ మీద బరువు పడుతుంది. ఇప్పుడు లింకును క్యూఆర్ కోడ్‌గా మార్చి పంపుతున్నారు. ఇవన్నీ కష్టమని ఆయన ముందే చెప్పి ఉంటే నేను అర్థం చేసుకునేవాణ్ణి.

ఇక నన్ను దహించిన మాట దగ్గరికి వస్తాను. మరునాడు పొద్దున ఆయనకు ఫోన్ చేస్తే, అవతలివాళ్లు అసలు పంపలేదేమో కనుక్కోండి అన్నారు. లాగ్ వరుస చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అన్న మాటలు ఇవి: "సార్, మీరు ఫొటోల స్పామ్ ఆగాలన్నారు, ఆగింది కదా. మీ కస్టమర్లకు నాలుగు ముక్కలు టైపు చేయడం నేర్పించండి." నేను నోరు తెరిచేలోపే ఫోన్ పెట్టేశారు. పన్నెండేళ్ల బేరం పోయిన మనిషితో, మగ్గం ఆగిన ఇళ్ల గురించి చెబుతున్న మనిషితో ఆ మాట ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. పొరపాటు జరిగిందని ఒక్క మాట అని ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ణే కాదు.

తప్పు నాదీ ఉంది. అద్దకమై వచ్చిన నూలు రంగు నిలుస్తుందో లేదో తడిపి చూడకుండా మగ్గం ఎక్కించని నేను, ఈ ఫిల్టర్‌ను ఒక్క పాత ఆర్డరుతోనైనా పరీక్షించకుండా డబ్బు కట్టాను. ఆ అక్కకు క్షమాపణ చెప్పాను, మిగిలిన కొనుగోలుదారులకూ ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నాను.

కొనబోయేవారు మీ దగ్గరికి నిజంగా వచ్చిన పాత ఫొటో మెయిళ్లు ఇరవై పంపించి చూసి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి. అనుమానం ఉన్న మెయిల్‌ను క్వారంటైన్‌లో ఉంచాలి, లేదా పంపినవారికి తెలిసేలా తిప్పికొట్టాలి. చడీచప్పుడు లేకుండా పారేసే పద్ధతికి ఒప్పుకోకండి. బొమ్మ దాకా పోకముందే, పంపిన సర్వర్ చెడ్డ జాబితాలో ఉందా, మెయిల్ నిజంగా ఆ పేరున్నవారి నుంచే వచ్చిందో లేదో తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే తనిఖీలు సరిపోతున్నాయా అని చూసుకుంటే చాలా చెత్త గుమ్మంలోనే ఆగుతుందని మావాడు అంటున్నాడు. మా సర్వర్‌లో ఇప్పుడు అదే పెట్టాడు.

ఇప్పటికే ఆయన దగ్గర కొన్నవారు మాత్రం రేపటికి వాయిదా వేయకుండా ఈ రాత్రే లాగ్ తెరిపించండి. మా సర్వర్‌లో పాత లాగ్ నాలుగు వారాలు దాటగానే దానంతటదే చెరిగిపోయేలా ఉంది. మొదటి మూడు వారాల్లో మాకు ఎవరెవరు రాశారో ఇక తెలుసుకునే దారి లేదు.