ముందు డైటా, ముందు బూట్లా?

పిల్లలు పుట్టకముందు ఏడేళ్లు పరుగెత్తాను. బరువు తగ్గడం కోసం కాదు. పాదం నేలను తాకే చప్పుడూ ఊపిరీ ఒకే తూకానికి వచ్చే క్షణం ఒకటి ఉంటుంది, దానికోసం. తర్వాత ఆరేళ్లు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడదామని అటక మీది బూట్లు దించితే, బంక ఎండిపోయి ఒకదాని అడుగు ఊడి చేతిలోకి వచ్చింది. కొత్తవి కొన్నాను. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది: డైటూ పరుగూ ఒకేసారి పట్టుకోవాలా, ముందు పరుగు కుదురుకున్నాక తిండి సంగతి చూడాలా?

మొదట రెండూ ఒకేసారి పట్టుకున్నాను. ఒకే సోమవారం నుంచి భోజనం సగం చేసి, పరుగూ మొదలుపెట్టాను. పది రోజులకే కాళ్లు బరువెక్కాయి, ఇంట్లో చిన్న మాటకే విసుక్కున్నాను. అంతకన్నా బాధ కలిగించింది ఇంకొకటి ఉంది: పరుగు నాకు జరిమానాలా తోచడం మొదలైంది. రాత్రి ఒక ముద్ద ఎక్కువ తింటే, పొద్దున ఒక చుట్టు ఎక్కువ. ఒకప్పుడు నేను ప్రేమించిన పనిని నా చేతులతో నేనే శిక్షగా మార్చుకున్నాను. మూడో వారంలో రెండూ మానేశాను.

లెక్క చూసినా ఆ దారి నిరాశే మిగులుస్తుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 150 దగ్గర. కాబట్టి బరువు తగ్గించడంలో పెద్ద పని తిండిదే, ఆ గౌరవం డైట్‌కు ఇవ్వవలసిందే. కానీ ఒక్క డైట్‌తోనే బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది. ఆ కండను నిలబెట్టేది వ్యాయామం, ముఖ్యంగా బరువులెత్తడం లాంటిది. అంటే చివరికి రెండూ కావాలి. నా మాట వరుస గురించే: ఇష్టమైన కదలిక ముందు, డైట్ తర్వాత. చక్కెర వ్యాధి వంటిదేదైనా ఉండి తిండి మార్చమని వైద్యులు చెప్పినవారికి మాత్రం ఈ వరుస వర్తించదు. వాళ్లు ఆగకూడదు.

తర్వాత అంటే ఎప్పుడు? లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. నాకు ధైర్యమిచ్చింది ఆ సంఖ్య కాదు, అందులోని మరో మాట: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదు. రాత్రంతా బిడ్డకు జ్వరం చూసి తెల్లవారిన ఇంట్లో ఈ మాట విలువ వేరు.

ఇక వేళ. తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లడమా, సాయంత్రం పిల్లలతోనా? తెల్లవారుజామున ఎవరూ పిలవరు, ఆ అరగంట పూర్తిగా మనది. అయితే చంటిబిడ్డ రాత్రి రెండుసార్లు లేపే ఇంట్లో ఆ అరగంట నిద్రలోంచే పోతుంది. అప్పటికి సాయంత్రమే మేలని గట్టిగా చెబుతాను. సాయంత్రం అంతరాయాలు తప్పవు, కానీ అందులో ఒక సుఖం ఉంది. మా పెద్దవాడు సైకిల్ మీద పక్కనే వస్తాడు. చిన్నది గట్టు మీద కూర్చుని నా గడియారం రెండు చేతులతో పట్టుకుని, “ఇంకా పది సెకన్లు, ఆగకమ్మా!” అని అరుస్తుంది. ఆ గొంతు వింటే ఆగాలనిపించదు. ప్రస్తుతం వారంలో రెండు ఉదయాలు ఒంటరిగా, ఒక సాయంత్రం వాళ్లతో. ఏ ఉదయాలు నావో, ఏవి మా ఆయనవో ముందే కూర్చుని పంచుకున్నాం. అలా పంచుకోకపోతే ఎవరో ఒకరి వ్యాయామం రెండోవారి మీద భారమవుతుంది.

జిమ్మా, ఇల్లా అన్నది నాకు పెద్ద ప్రశ్నగా తోచలేదు. వెళ్లిరావడానికే గంట పడితే ఇల్లే మేలు.

వేగం దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. పాత వేగం మనసుకు గుర్తుంటుంది, మోకాలికి ఉండదు. గుండె, ఊపిరితిత్తులు తొందరగానే పుంజుకుంటాయి. కండను ఎముకకు కలిపే స్నాయువులు నిదానంగా గట్టిపడతాయి. తిరిగి వచ్చినవారికి దెబ్బ తగిలేది ఎక్కువగా ఈ తేడా వల్లే. 1996లో జోష్ క్లార్క్ అనే ఆయన కొత్తగా పరుగు మొదలుపెట్టేవారి కోసం తయారుచేసిన తొమ్మిది వారాల పద్ధతి నాకు నచ్చింది: వారానికి మూడు రోజులు, మొదటి వారంలో ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, మళ్లీ పరుగు. ఒకప్పుడు ఆగకుండా గంట పరుగెత్తినదాన్ని, నిమిషానికే ఆగడం మొదట కష్టంగా అనిపించింది. కానీ ఆ నిమిషం చివర “ఇంకొంచెం ఉంటే బాగుండు” అనిపించేది. ఆ ఆశే మర్నాడు బూట్లు తొడిగించింది.

సమయం చాలదని దిగులుపడేవారికి ఇంకో మాట. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని 2020లో తీసేసింది. పిల్లలతో ఆడిన ఆరు నిమిషాల పట్టుకునే ఆట కూడా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు నాకు పదకొండో వారం. డైట్ ఇంకా మొదలుపెట్టలేదు. కానీ మంగళ, గురువారాల్లో పొద్దున్నే కడుపు తేలిగ్గా ఉండాలని, రాత్రి భోజనం మాత్రం గంట ముందుకు జరిగింది.