బుద్ధవనంలో మూడు వసంతాలు: మోదుగ రంగు, రావి ఆకు, పిల్లల బొమ్మలు

మా ఇంట్లో ఫ్రిజ్ పక్క గోడకు మూడు బొమ్మలు వరుసగా అతికించి ఉన్నాయి. మూడూ ఒకే చోట కూర్చుని వేసినవి. నాగార్జునసాగర్ దగ్గర బుద్ధుడి కథలు, శిల్పాలు, స్తూపాలతో కట్టిన తోట బుద్ధవనంలో, జలాశయం కనిపించే వైపున. వేసింది మా పాప. మొదటిది 2023లో, తనకు ఏడేళ్లప్పుడు. రెండోది 2024లో, మూడోది 2025లో. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ బొమ్మలు చూసి "పిల్లల్ని పట్టుకుని పూటంతా అక్కడ ఏం చేస్తరు?" అని అడుగుతుంటారు. అడిగిన ప్రతివాళ్లకూ చెప్పే బదులు ఒకసారి వివరంగా రాద్దామనిపించింది.

మాది మిర్యాలగూడ. నిడమనూరు, హాలియా మీదుగా సాగర్‌కు గంట పైన పడుతుంది. సాగర్ అంటే మా వైపు అందరికీ ముందు గుర్తొచ్చేది గేట్లే. మొత్తం 26 గేట్లు. అవి ఎత్తారని తెలిస్తే చాలు, ఆగస్టు, సెప్టెంబరులో ఆ రోడ్డు మీద కార్లు కదలవు. బుద్ధవనం 2022 మే 14న తెరిచారు. మేం కూడా ఆ సంవత్సరం గేట్లు చూడ్డానికి వెళ్లినప్పుడే మొదటిసారి లోపలికి వెళ్లాం. 274 ఎకరాల చోటును గంటలో చుట్టేసి, గుండ్రటి మహాస్తూపం ముందు ఫోటోలు దిగి వచ్చేశాం. ఇంటికొచ్చాక ఏం చూశావమ్మా అని పాపను అడిగితే "పెద్ద గుండు" అంది. అంతకుమించి తనకేం మిగల్లేదు, నాకూ మిగల్లేదు.

తర్వాతి ఫిబ్రవరిలో హాలియా దాటి ఒక పెళ్లికి వెళ్తుంటే దారి పక్క గుట్టల మీద మోదుగలు పూసి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు, కొమ్మకొమ్మకూ నిప్పు రంగు పూలు. మా అత్తమ్మ కారు ఆపించింది. కింద రాలిన పూలు కొంగులో ఏరుకుంది. చిన్నప్పుడు కాముని పున్నమికి ఈ పూలే ఉడకబెట్టి రంగు చేసేవాళ్లమని, జాజిరి పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లమని చెప్పింది. ఆ పూలతో బొమ్మలు కూడా వేయొచ్చా అని పాప అడిగింది. మా అలవాటు అక్కడ మొదలైంది. ఏటా వసంతంలో మోదుగ రంగు, కాగితాలు, అట్టలు తీసుకుని బుద్ధవనం వెళ్లి, ఒక్క చోట కూర్చుని, ఒక పూటంతా బొమ్మలు వేసుకుని రావడం. మాకు అక్కడ ఎవరూ నేర్పలేదు. తోట వాళ్లది, పని మాది.

ముందు మోదుగ రంగు సంగతి చెప్తాను, ఎక్కువమంది అడిగేది అదే. రాలిన పూల రేకులు మాత్రమే తీసుకుని, పచ్చని డిప్ప తీసేయాలి. రెండు గుప్పెళ్ల రేకులకు ఒక గ్లాసు నీళ్లు పోసి సన్నమంట మీద సగం అయ్యేదాకా మరిగించి, పాత నూలుగుడ్డలో వడకట్టాలి. అలాగే వాడితే పసుపు కలిసిన నారింజ రంగు వస్తుంది. అందులో చిటికెడు పటిక వేస్తే పసుపు తేరుతుంది. గోరంత సున్నం వేస్తే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇది కూడా పిల్లల కళ్ల ముందే మారుతుంది. మొదటిసారి మా బాబు గిన్నె వదిలి కదల్లేదు, "మళ్లీ చెయ్యి, మళ్లీ చెయ్యి" అని నాలుగుసార్లు చేయించాడు. సున్నం మాత్రం పెద్దవాళ్లే వేయాలి, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఈ నీళ్లు ఊరికే కాగితం మీద పూస్తే పాకిపోతాయి, బ్రష్ గీత నిలవదు. తుమ్మబంక రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి ఒక చెంచా కలిపితే రంగు చిక్కబడి, గీసిన చోటే ఉంటుంది. సీసాలో పోసి బయట పెడితే రెండో రోజుకే పులిసి వాసన వచ్చింది. అందుకే ఇప్పుడు బయలుదేరే ముందు రోజు రాత్రే చేస్తాం, మిగిలింది చిన్న పళ్లేల్లో ఎండబెట్టుకుంటాం. మళ్లీ తడి బ్రష్ తగిలిస్తే పనికొస్తుంది.

మూడేళ్లు వాడాక తెలిసిన సంగతి ఇంకోటి. మోదుగ రంగు వెలుతురుకు ఆగదు. 2023లో వేసిన బొమ్మలో సూర్యుడు అప్పుడు మండిపోతూ ఉన్నాడు. ఇప్పుడు లేత పసుపు మరక మాత్రమే. అదే బొమ్మలో ఒడ్డు రాళ్లకు వాడిన జాజు మాత్రం వేసినరోజు ఎట్లుందో అట్లే ఉంది. జాజు అంటే ఎర్రమట్టి కదా, ఏళ్ల తరబడి అరుగుల మీద ఎండకూ వానకూ నిలబడే రంగు. పిల్లలు వేసింది దాచుకోవాలనుకునేవాళ్లు గట్టి గీతలకు జాజు, బొగ్గు, తెలుపుకు ముగ్గుపిండి వాడండి. మోదుగను ఆ రోజు సంతోషం కోసం వాడండి. లేదంటే బొమ్మను గోడకు కాకుండా పుస్తకంలో పెట్టండి. మేం ఆలస్యంగా తెలుసుకున్నాం, ఆ సూర్యుడు వెలిసిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

కాగితం విషయంలో కూడా డబ్బు పోయింది. ఒక దుకాణంలో రంగులకు పనికొచ్చే మందపు కాగితమని చెప్పి ఇచ్చింది నీళ్లు తగలగానే అప్పడంలా వంకర్లు పోయింది. కొనేముందు ఒక మూల తడి వేలు పెట్టి చూడండి. నాలుగు క్లిప్పులు, ఒక గట్టి అట్ట తప్పనిసరి, మధ్యాహ్నం అయ్యేసరికి నది మీది గాలి బాగా వీస్తుంది.

ఇక తోట. జాతకవనంలో 40 జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, రాతి ఫలకాల మీద చెక్కారు. స్తూపవనంలో రకరకాల దేశాల స్తూపాల చిన్న నమూనాలు ఉన్నాయి. శ్రీలంక అవుకన బుద్ధుడి ప్రతిరూపం 27 అడుగుల ఎత్తున నిలబడి ఉంటుంది. మహాస్తూపం అమరావతి స్తూపం నమూనాలో కట్టారు. ఇవన్నీ ఒక్కరోజులో చూడాలనుకుంటే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. మేం ఏడాదికి ఒక మూల పెట్టుకున్నాం. ఒక ఏడు జాతకవనమే. ఒక్కో ఫలకం ముందు పది నిమిషాలు కూర్చుని, పిల్లలు తమకు నచ్చిన ఒక్క జంతువునే గీశారు. బాబు గీసిన ఏనుగుకు తొండం కంటే తోక పెద్దది. అక్కడే కూర్చుని నేను వాళ్లకు కుందేలు కథ చెప్పాను. ఆకలిగా వచ్చిన అతిథికి పెట్టడానికి ఏమీ లేక తానే నిప్పులో దూకిన కుందేలు, దాని బొమ్మను చందమామ మీద గీసిన శక్రుడు, అంటే ఇంద్రుడు. ఆ రాత్రి తిరిగి వస్తుంటే నిడమనూరు దాకా ఇద్దరూ కారు కిటికీలోంచి చందమామనే చూస్తూ వచ్చారు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. కాగితం ఫలకం మీద పెట్టి క్రేయాన్‌తో రుద్ది అచ్చు తీసుకోవాలని పిల్లలకు అనిపిస్తుంది, పెద్దవాళ్లు కొందరు చేయిస్తున్నారు కూడా. దయచేసి వద్దు. రాయికి మైనం, చేతుల జిడ్డు అంటుకుంటాయి. శిల్పాన్ని కంటితో చూసి గీయాలి. రుద్దాలనుకుంటే ఆకులున్నాయి.

వసంతంలో రావి పాత ఆకులు రాల్చి, రాగి రంగు చిగుళ్లు వేస్తుంది. ఎండ వెనక నుంచి పడితే ఆ చిగుళ్లు వెలుగుతున్నట్టు ఉంటాయి. కింద రాలిన ఆకును ఈనెల వైపు పైకి తిప్పి, పల్చటి కాగితం కప్పి, క్రేయాన్‌ను అడ్డంగా పట్టి మెల్లగా రుద్దితే ఈనెలన్నీ తేలతాయి. నాలుగేళ్ల పిల్లలు కూడా చేయగలరు. మా అత్తమ్మ పిల్లలకు మొదటి ఏడే ఒక షరతు పెట్టింది, "చెట్టు మీది ఆకు తెంపొద్దు బిడ్డా, రాలింది మస్తుగుంది" అని. ముదురు ఆకులు కొన్ని ఇంటికి తెచ్చి బకెట్‌లో నానబెడతాం. మూడు నాలుగు వారాలకు మెత్తటి భాగం కుళ్లిపోతుంది. మధ్యమధ్య నీళ్లు మార్చాలి, వాసన మాత్రం భరించాలి, పెరట్లో పెట్టుకోండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో సుతారంగా రుద్ది కడిగితే ఈనెల వల మాత్రం మిగులుతుంది. పుస్తకంలో ఆరబెట్టి దాని మీద బొమ్మ వేయొచ్చు. బుద్ధుడికి బోధి కలిగింది రావి చెట్టు కింద అని పాపకు తెలుసు కాబట్టి తను ఆ జల్లెడ ఆకు మీద చిన్న బుద్ధుడి తల గీసింది. వాళ్ల టీచర్‌కు ఇచ్చింది.

చిన్నపిల్లలకు ఇంకా తేలికైనది నీడల ఆట. నేల మీద కాగితం పరిచి, దాని మీద పడిన కొమ్మ నీడ చుట్టూ పెన్సిల్ గీయాలి. అన్నం తిని వచ్చేసరికి నీడ జరిగి ఉంటుంది. మళ్లీ ఇంకో రంగుతో గీయాలి. సూర్యుడు కదులుతున్నాడో భూమి తిరుగుతోందో అన్న వాదన మా పిల్లలిద్దరి మధ్య హాలియా దాకా నడిచింది.

ఇప్పుడు ఆ మూడు బొమ్మల దగ్గరికి వస్తాను. 2023లో ఉగాది మార్చి 22న. మేం దానికి రెండు వారాల ముందు వెళ్లాం. పాప నీళ్లు నీలంగా, నిండుగా వేసింది. దారిలో సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరి పచ్చగా ఉంది. మరుసటి ఏడు ఉగాది ఏప్రిల్ 9కి వెళ్లింది. పండుగ దగ్గర్లో వెళ్దామని మేం కూడా ఆలస్యం చేశాం. అప్పటికి మోదుగలన్నీ రాలిపోయాయి, పది గంటలకే ఎండ ముదిరింది. అంతకంటే పెద్ద మార్పు నీళ్లలో ఉంది. అంతకుముందు వానాకాలంలో కృష్ణకు పై నుంచి వరద రాలేదు. మా ఎడమ కాలువ కింద యాసంగికి నీళ్లు లేవు, నిడమనూరు దగ్గర పొలాలు బీళ్లుగా ఉన్నాయి. జలాశయం ఒడ్డున రాళ్ల మీద నీళ్లు దిగిపోయిన గుర్తులు ఒకదాని కింద ఒకటి చారలుగా కనిపించాయి. నీలం రంగు డబ్బా ఇస్తే పాప తీసుకోలేదు. "అమ్మా, అంతా రాళ్లే ఉన్నయి కదా, నీలమెట్ల వేయాలె?" అంది. ఒక్కో చారా జాజుతో, బొగ్గుతో, ముగ్గుపిండితో గీసింది. కింద సన్నగా ఒక్క గీత నీళ్లు.

నీళ్లు ఇంకా దిగితే అడుగున ఊరు కనబడుతుందా అని కూడా అడిగింది. పూర్వం ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఆ నీళ్ల కిందే ఉంది. నీళ్లు నిండకముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వి, దొరికిన శిల్పాల్ని ఇప్పుడు ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ మీది మ్యూజియంలో పెట్టారని చెప్పాను. అత్తమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె వాళ్ల నాయిన ఈ ఆనకట్ట పనిలో రాళ్లు మోశాడు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశాక ఎన్నో ఏళ్లు వేలమంది చేతులతో కట్టిన రాతికట్టడం అది. ఆమె ఎప్పుడూ బ్రష్ పట్టలేదు. ఆ రోజు పాప చేతిలోంచి బొగ్గు తీసుకుని, చారల పైన తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక మనిషిని నిలబెట్టింది. నాలుగు గీతలు, అంతే. ఆ బొమ్మ అందుకే నాకు మూడింటిలో ఎక్కువ ఇష్టం.

2025లో రెండుసార్లు వెళ్లాం. మార్చి మొదట్లో వెళ్లినది బాగుంది. మోదుగలు పూసి ఉన్నాయి, నీళ్లు తిరిగొచ్చాయి, పాప ఈసారి నీలంలో పచ్చ కలిపింది. మార్చి 30న ఉగాది, పైగా ఆదివారం. ఆ రోజు వెళ్లింది మాత్రం వృథా. జనం మధ్య పిల్లలు అట్ట పరుచుకోవడానికే చోటు దొరకలేదు, గంటలో తిరిగొచ్చాం. బొమ్మలు వేయాలనుకుంటే పండుగ రోజూ, సెలవు రోజూ వద్దు. మామూలు రోజు పొద్దున వెళ్లి పది, పదిన్నరకు నీడకు చేరండి, లేదా నాలుగు దాటాక వెళ్లండి. స్తూపం దగ్గర చెప్పులు విప్పాలి, ఎండెక్కాక రాయి కాలుతుంది, పిల్లలకు సాక్సులు పెట్టుకెళ్లండి. నీళ్లు మీకు సరిపడా కాదు, బ్రష్‌లకు కూడా సరిపడా తీసుకెళ్లాలి. కోతులుంటాయి, అరటిపళ్లు జిప్ ఉన్న సంచిలో పెట్టండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అంత దూరం నడక కష్టమే. అత్తమ్మకు మేం మడతకుర్చీ తీసుకెళ్తాం, ఆమె ఒక్కచోటే కూర్చుని అందరి సంచులూ చూసుకుంటుంది. రంగునీళ్లు పచ్చిక మీదా, రాళ్ల మీదా పారబోయకండి, ఒక ఖాళీ సీసాలో పోసి వెనక్కి తెచ్చేయండి. పిల్లల్ని నీటి అంచుకు మాత్రం ఒంటరిగా పంపొద్దు.

2026లో ఉగాది మార్చి 19నే. మోదుగ కోసం ఫిబ్రవరి ఆఖరులో ఒక మామూలు రోజు చూసుకుని వెళ్దామనుకున్నాం. ఆసారి స్తూపవనం వంతు. పాప అప్పుడే అదే రాయి దగ్గర కూర్చుంటానని చెప్పేసింది. అత్తమ్మ తనకు కూడా ఒక అట్ట కావాలంది.