సునో పాటా, సంగీత దర్శకుడి బాణీయా?

షార్ట్ ఫిల్మ్‌కి పాట కావాలి. సునో లాంటి ఏఐకి సాహిత్యం, మూడ్ ఇస్తే నిమిషాల్లో పాట రెడీ. సంగీత దర్శకుడైతే వారాలు పట్టొచ్చు, స్టూడియో ఖర్చు అదనం. వేగంలో, డబ్బులో పోటీయే లేదు.

అసలు తేడా పల్లవి దగ్గర తెలుస్తుంది. మన సినిమాల్లో చాలావరకు ముందు బాణీ, తర్వాత మాట. రచయిత "ఇక్కడ ఇంకో రెండక్షరాలు పడితే బాగుండు" అంటే, సంగీత దర్శకుడు హార్మోనియం మీద అక్కడికక్కడే స్వరం సాగదీస్తాడు. నాయిక మనసులో మాట దాచుకునే సీన్ అని తెలిస్తే, పై షడ్జం (పై 'స') దాకా పోకుండా, దాని ముందుండే నిషాదం ('ని') దగ్గరే ఆపేస్తాడు. ఏఐని ఇదే అడిగితే, ఒకటి సరిచేయబోయి ఇంకోటి మార్చేస్తుంది. నా చెవికైతే గమకాలు (స్వరాన్ని ఊపే తీరు) కూడా అతికించినట్టే ఉంటాయి.

హక్కుల గొడవ వేరే. 2024 జూన్‌లో సోనీ, యూనివర్సల్, వార్నర్ మ్యూజిక్ సంస్థలు సునో మీద, అలాంటిదే అయిన యుడియో మీద కేసులు వేశాయి. తర్వాత కొన్ని రాజీకొచ్చాయి. ఒట్టి ప్రాంప్ట్ రాసినంత మాత్రాన కాపీరైట్ రాదని 2025 జనవరిలో అమెరికా కాపీరైట్ ఆఫీసు తేల్చింది.

పెళ్లి వీడియోకో, చిన్న యాడ్‌కో ఏఐ చాలు. జింగిల్స్ చేసేవాళ్ల టెన్షన్ ఉత్తిది కాదు. పాత్రతో నడవాల్సిన పాటకు మాత్రం నేను మనిషికే అడ్వాన్స్ ఇస్తాను.