రాజీనామా రాసిచ్చేయాలా, వాళ్ళే తీసేసేదాకా ఆగాలా?

ప్రసూతి సెలవు అయ్యాక సగం పూట పనిలో చేరిన ఆడవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీ ఆఫీసుల్లో బిల్లులు రాసేవాళ్ళు, తణుకు మిల్లుల్లో లెక్కలు చూసేవాళ్ళు, అమలాపురం బట్టల షాపుల్లో కౌంటర్ దగ్గర ఉండేవాళ్ళు అడుగుతుంటారు. చిన్న సంస్థలకు జీతాల పట్టీలు, పీఎఫ్ కాగితాలు చూసిపెట్టడం నా పని. యజమానుల మాట కూడా ఇంచుమించు ఒక్కటే: "ఆర్డర్లు లేవమ్మా. మేం తీసేశామంటే నీకే బాగోదు. నువ్వే రాజీనామా రాసిచ్చెయ్, గౌరవంగా ఉంటుంది." 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరాక రొయ్యల వాళ్ళకి ఈ మాట చెప్పడానికి మంచి సాకు కూడా దొరికింది.

రాజీనామా వైపు బలం లేదని నేను అనను. మన ఊళ్ళలో యజమాని పరాయివాడు కాదు, ఏ పెళ్ళిలోనో మళ్ళీ ఎదురుపడతాడు. మర్యాదగా బయటికొస్తే అనుభవ పత్రం వెంటనే ఇస్తాడు, పక్క ఊళ్ళో ఇంకో చోట అడిగినప్పుడు మంచి మాట చెబుతాడు. చేతిలో వేరే ఉద్యోగం ఉన్నా, చేరి ఏడాది కూడా కాకపోయినా రాసిచ్చేయండి, పెద్దగా పోయేదేమీ లేదు. ఐదేళ్ళు నిండినవాళ్ళకి గ్రాట్యుటీ రాజీనామా చేసినా వస్తుంది.

పోయేది రిట్రెంచ్‌మెంట్ పరిహారం. నా లెక్కలో అసలు తేల్చేది ఇదే. పని లేదని యజమాని తీసేస్తే నెల ముందు నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. దానిపైన నిండిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాక కూడా ఈ లెక్క మారలేదు. నెలకు 8,000 మీద నాలుగేళ్ళు చేసినామెకి నోటీసు జీతంతో కలిపి సుమారు 24,000 వస్తుంది. రాజీనామా మీద సంతకం పడిందంటే ఆమెను ఎవరూ తీసెయ్యలేదు, ఆమే మానేసింది. ఇక ఆ 24,000 అడగడానికి దారి లేదు. పాలడబ్బాలు, టీకాలు, ఆటో ఖర్చులు ఉన్న ఇంట్లో మూడు నెలల జీతం అది. "గౌరవం" అనే మాట వెనక యజమానికి మిగిలేది కూడా సరిగ్గా అంతే.

"పార్ట్‌టైమ్ వాళ్ళకి ఇవన్నీ ఎక్కడుంటాయండీ" అంటారు. ఉంటాయి. పార్ట్‌టైమ్ అయినంత మాత్రాన కార్మికుడు కాకుండా పోడని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. చూడాల్సింది పన్నెండు నెలల్లో 240 రోజులు వచ్చాయా లేదా అని. రోజూ సగం పూట వెళ్ళేవాళ్ళకి ఇది సులువుగా దాటిపోతుంది. వారానికి మూడు రోజులే వెళ్ళేవాళ్ళకి 156 దగ్గర ఆగిపోవచ్చు. అయితే జీతం ఇచ్చిన ఆదివారాలు, పండగ సెలవులు కూడా కలుస్తాయి, ప్రసూతి సెలవు కూడా కలుస్తుంది. అందుకే "నువ్వు ఆర్నెల్లు రాలేదుగా" అన్నంత మాత్రాన ఊరుకోకండి. సెలవులో ఉండగానే తీసేస్తే, లేదా గడువు సెలవులోనే ముగిసేలా నోటీసు ఇస్తే, అది చెల్లదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉన్న ఈ రక్షణ ఇప్పుడు కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. తిరిగి చేరాక మాత్రం ఆ రక్షణ లేదు. అప్పుడు అండగా నిలిచేవి ఈ నోటీసు, పరిహారాలే.

ప్రైవేటు స్కూలు టీచర్ల సంగతి వేరు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్లు కార్మికులు కారని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ప్రసూతి ప్రయోజనాలు, గ్రాట్యుటీ వాళ్ళకీ వర్తిస్తాయి గానీ ఈ పరిహారం రాదు. కాబట్టి వాళ్ళు వేసవి సెలవుల జీతం గురించి బేరమాడి రాజీనామా ఇచ్చినా తప్పు లేదు.

జీతం లేని సెలవు పెట్టడం, అత్తగారిని ఒప్పించి ఫుల్‌టైమ్‌కి మారడం అనే దారులూ కొందరు చెబుతారు. కుదిరితే మంచిదే. కానీ నిజంగా పని తగ్గిన చోట ఇవి వాయిదాలే.

ఆగాలని నిర్ణయించుకున్నవాళ్ళు ఒక పని మర్చిపోతుంటారు. "రేపట్నుంచి రావద్దు" అని నోటిమాటగా చెబితే ఇంటికెళ్ళి కూర్చోవద్దు. మర్నాడు వెళ్ళండి, లోపలికి రానివ్వకపోతే "ఫలానా తేదీన డ్యూటీకి వచ్చాను, వద్దన్నారు" అని అదే రోజు వాట్సాప్‌లో పెట్టి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. లేకపోతే చెప్పకుండా మానేసిందని రాసుకుంటారు. ఆ కాగితం పట్టుకుని లేబర్ ఆఫీసుకి వెళ్తే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. చాలామంది యజమానులు ఆ మెట్టెక్కడం ఇష్టం లేక ముందే బేరానికి వస్తారు. అలా వచ్చినప్పుడు కూడా "నాకు రావాల్సినదంతా ముట్టింది" అన్న కాగితం మీద సంతకం, డబ్బు ఖాతాలో పడ్డాకే.