పార్కింగ్ చలాన్: కట్టేయడం మేలా, కాదనడం మేలా?

"ఫోన్‌కి చలాన్ మెసేజ్ వచ్చింది. ఐదొందలే కదా, కట్టేసి వదిలించుకోనా?" నెల్లూరులో బండి ఉన్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. డబ్బు సంగతి తర్వాత, ముందు ఫొటో తెరిచి చూడమంటాను.

మా పక్కింటి అక్కది తెల్ల స్కూటీ. ఆమెకు వచ్చిన చలాన్‌లో నల్ల బుల్లెట్ ఉంది. నెంబరులో చివరి 3ని ఎవరో 8గా కొట్టారు. నెంబరు ఏపీ 26తో మొదలయ్యే రోజుల్లో అది నెల్లూరు బండి అని చూడగానే తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఎక్కడి బండి చలాన్ ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియడం లేదు. అయినా అక్క కట్టేద్దామనే అంది. నేనే వద్దన్నాను.

ఎందుకంటే కడితే కథ అక్కడితో అయిపోదు. 2019 సవరణ తర్వాత, జరిమానా కట్టి రాజీ చేసుకున్న తప్పును కూడా మోటారు వాహనాల చట్టం మొదటి తప్పుగా లెక్కేస్తుంది. 177 సెక్షన్ కింద మొదటిసారి 500 దాకా, అదే తప్పు మళ్లీ చేస్తే 1500 దాకా. చేయని తప్పును మన ఖాతాలో ఎందుకు రాయించుకోవాలి? నా దృష్టిలో తేల్చాల్సిన విషయం ఇదొక్కటే. బండి మనది కాకపోతే, చోటు తప్పయితే, కట్టకముందే అభ్యంతరం పెట్టాలి. ఈ-చలాన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, లేదా ఆర్‌సీ, బండి ఫొటో, చలాన్ ప్రింటు తీసుకుని ట్రాఫిక్ స్టేషన్‌కి వెళ్లొచ్చు. అక్క ఆ మూడూ పట్టుకుని వెళ్లింది, చలాన్ తీసేశారు.

ఫొటోలో ఉన్నది మన బండే అయితే మాత్రం వాదన పెట్టుకోకండి. "అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు" అని చాలామంది పట్టుబడతారు. అది నిలిచే మాట కాదు. అదే చట్టంలోని 122 సెక్షన్‌కి బోర్డుతో పని లేదు, బండి నలుగురికీ అడ్డమైతే చాలు. 2017 డ్రైవింగ్ నిబంధనలు కూడలి అంచు నుంచి 50 మీటర్ల లోపు, ఫుట్‌పాత్ మీద, బస్‌స్టాప్ దగ్గర, ఆసుపత్రి గేటు ముందు బండి ఆపొద్దంటాయి. నెల్లూరు గాంధీబొమ్మ దగ్గర, ఆసుపత్రులుండే పొగతోటలో మనం ఆపే చోట్లలో ఎన్ని దీనికి నిలబడతాయో చూసుకోండి. పొగతోట సందులో కారు అడ్డం పెడితే అంబులెన్స్ ఆగిపోతుంది. అలాంటి చలాన్ అదే రోజు కట్టేయడం న్యాయం.

లోక్ అదాలత్ దాకా ఆగుదామా అంటారు కొందరు. అది రాజీ కుదుర్చుకునే చోటు, తప్పు మనది కాదని తేల్చే చోటు కాదు. అక్కడ తేలినదాని మీద అప్పీలు కూడా ఉండదు.

పట్టించుకోకుండా వదిలేయడం అన్నిటికంటే చెడ్డ దారి. పెండింగ్ చలాన్ కోర్టు దాకా పోవచ్చు.

ఒంగోలు నుంచి ఒకరు పంపిన మెసేజ్‌లో చలాన్ పేరుతో ఏపీకే (APK) ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు ఉంది. దాన్ని నొక్కొద్దు. చలాన్ నిజంగా ఉందో లేదో సైట్‌లో మీ బండి నెంబరు మీరే కొట్టి చూసుకోండి.